తెర పట్టినోడు

మల్దకల్,
ప్రమాది, ఆశ్వయుజ బహుళ దశమి.

అల్లుడు కురుమూర్తికి మామ మాసయ్య రాసేది. ఈడ అందరం బాగనే ఉన్నం. పట్నంల నువ్వు, మా చెల్లె బాలమ్మ బాగున్నరనుకుంట.

నువ్వు పంపిన పత్రిక అందింది. గద్వాల నుంచి టపా తెచ్చేటాయన వానల చిక్కిండు. మూలలు తడిసినయి. నీ కథ ఉన్న కాగితాలు మాత్రం తడువలే.

మొన్న అరుగు మీద కూసుండి అందరికి చదివిన. నా చదువు నీకు తెలుసు, వీధి బడి చదువు. పొద్దు వంగినంక మొదలుపెడితే గొడ్లు ఇంటికొచ్చే యాళ్లకు అయింది. పేలాలు వేయించే ఆమె అని రాసినవ్. పేరు పెట్టలే. ఎడమ చేత్తోని ఇసుక కలుపుతదని రాసినవ్. శనివారం శనివారం తిమ్మప్ప గుడి కాడ పొయ్యి మీద మంగలం కుండ పెట్టుకొని, బాటకు వీపు పెట్టి కూసుంటదని, కొనేటోళ్లు సుట్టు తిరిగి ముందటికి రావాలెనని రాసినవ్. ఎవరో అందరికి తెలిసిపోయింది. రేణుకమ్మ ఆడనే గోడకు ఒరిగి కూసున్నది. కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "నా మంగలం గూడ అచ్చయిందా మాసన్నా?" అన్నది. ఇంకోసారి చదువుమన్నది. మల్ల చదివిన.

అప్పుడు నాగన్న అడ్డం పడ్డడు. నువ్వు ఎరుగుదువు గదా, వానికి నోరు ఊకుండదు. "గిదేం కథనే? ఎవరి బిడ్డ, ఏ ఊరు, బాటకు వీపెందుకు పెట్టింది, ఏం చెప్పకపాయె. అన్నం పెట్టి కూర మరిచినట్టున్నది" అన్నడు. అందరు నవ్విన్రు. మల్ల అందరు రేణుకమ్మ దిక్కు చూసిన్రు. ఎందుకంటే గది మాకు గూడ తెల్వదు. ఆమె ఈ ఊరికి వచ్చి ఇర్వై ఏండ్లు దాటింది. ఎవరు అడగలే. రేణుకమ్మ లేసి, పొయ్యి ఆరుతున్నదని చెప్పి ఇంటికి పోయింది.

నాగన్నది మొరటు మాటనే. అయినా కొంత నిజం ఉన్నదనిపించింది. మన భాగోతంల వేషం తెర ఎనుక నుంచి ముందటికి వచ్చిందంటే, నేను ఫలానా, నా ఊరు ఫలానా అని చెప్పాలె. చెప్పకుంటే జనం ఆట సాగనియ్యరు. నువ్వు ముందుముందు రాసే కథల్ల మనిషి ఎవరో ఒక ముక్క చెప్పు. నా తెలివికి తోచింది రాసిన.

ఆముదాలు ఈసారి బాగ కాసినయి. బాలమ్మ మోకాళ్లకు నూనె పంపుత.

నీ మామ,
మాసయ్య

---

హైదరాబాదు, సుల్తాన్ బజారు,
1939 నవంబరు 16.

మామా,

నమస్కారాలు. నీ ఉత్తరం చదువుతుంటే మన అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. "మా అన్న మనిషి ముందర రెండు మాటలు మాట్లాడడు, కాగితం మీద ఇన్ని మాటలెట్ల వచ్చినయి?" అని ఆశ్చర్యపోయింది.

నాగన్న తాతకు చెప్పు, కథ చదవమన్నాను గాని పెండ్లి సంబంధం చూడమనలేదు. ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ ఇంటిపేరు అని అడగడానికి! ఇప్పటి కథ భాగోతం కాదు మామా. ఇందులో తెర లేదు, దరువు లేదు. పోతూ పోతూ ఒక ఇంటి తలుపు సందులోంచి చూసినట్టు ఉండాలి. కనపడ్డంతే. మిగతాది చదివేవాడు ఇంటికి పోయి, అన్నం తింటూ ఆలోచించుకోవాలి. ఆమె బాటకు వీపెందుకు పెట్టిందో చెప్పేస్తే కథలో ఇంకేముంది? అసలు సంగతి నాకూ తెల్వదు గదా. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆమె వీపే నాకు ఎక్కువ గుర్తు.

ఇక్కడ యుద్ధం మాటలే అందరి నోళ్లలో. కాగితం దొరకడం కష్టమైంది. మా ప్రెస్సులో పాత కాగితం వెనకవైపు ప్రూఫులు తీస్తున్నారు.

రేణుకమ్మకు కథ నచ్చిందన్నావు. అంతకన్నా నాకు ఇంకేం కావాలి?

నీ అల్లుడు,
కురుమూర్తి

---

మల్దకల్,
ప్రమాది, కార్తీక బహుళ విదియ.

కురుమూర్తికి,

నీ మాటనే బాగున్నది. చెప్పకపోతేనే మేలు. నాగన్నకు చెప్పిన. "పట్నం పోయి వీడు గూడ సగం మాటలు మింగుడు నేర్చిండు, మామ పోలికే" అన్నడు.

నీ రాత చూస్తే ఒకటి యాదికొచ్చింది. నేను భాగోతంల ఉంటినని నీకు తెలుసు. వేషం ఎన్నడు కట్టలే. సిగ్గు. జనం ముందట నిలవడితే నాలిక ఎండిపోయేది. గురువు చూసి చూసి, "వీడు పనికిరాడు, తెర ఇయ్యండి వీనికి" అన్నడు. పదునాలుగేండ్లు తెర పట్టిన. ఆ కొసకు ఒకడు, ఈ కొసకు నేను.

తెర పట్టినోనికి రెండు దిక్కుల కనవడ్తది. బయట జనం. లోపట వేషం. రాక్షసుని వేషం కట్టినోడు లోపట గజగజ వణుకుతుంటడు. రాణి వేషం కట్టినోడు కడుపు నొస్తుందని ఒంగిపోతుంటడు. బయటికొచ్చినంక ఇద్దరు బెబ్బులులే. గురువు నాకు నేర్పింది ఒక్కటే మాట: "లోపట చూసింది బయట చెప్పకు. వాడు ఎంత చెప్పదలిస్తే అంత వాడే చెప్పుకుంటడు. నీ పని తెర పట్టుడు." గంతే నా విద్య.

చలి మొదలైంది. బాలమ్మను జాగ్రత్తగ చూసుకో.

మాసయ్య

---

హైదరాబాదు,
1939 డిసెంబరు 20.

మామా,

ఒక విచిత్రం విను. పేలాలామె మీద రాసిన నా 'శనివారం' కథ చదివి పత్రికకు నలభైకి పైగా ఉత్తరాలు వచ్చాయి. ఓరుగల్లు వకీలు ఒకాయన, నల్లగొండ నుంచి ఒక పంతులమ్మ, ఇంకా ఎవరెవరో. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆమె ఎవరు? ఎక్కడి నుంచి వచ్చింది? వీపెందుకు పెట్టింది? ఒకాయన అయితే, చెప్పకపోతే పత్రిక మానేస్తానని బెదిరించాడు! మా సంపాదకులు జయరాజుగారు ఉత్తరాల కట్ట నా ముందర పెట్టి, "నీ సందులోంచి చూసుడు చాలు, తలుపు తియ్యి" అన్నారు. ఉగాది సంచికకు అదే కథ పెద్దది చేసి, ఆమె వెనకటి బతుకంతా పెట్టి రాయమన్నారు.

కాబట్టి నువ్వూ, నాగన్న తాతా గెలిచారు. నేను ఓడిపోయాను. భాగోతమే మేలు.

ఆలోచించి ఇట్లా రాశాను. ఆమెది అలంపురం దగ్గర ఒక ఊరు. మొగుడు మంచివాడే, కాని ఈమె మనసు నిలవలేదు. గాజులు అమ్మడానికి వచ్చిన ఒకనితో లేచిపోయింది. ఒళ్లో పిల్లను కూడా వదిలేసింది. వాడు కొన్నాళ్లకు మోసం చేసి పోయాడు. అప్పటి నుంచి, ఆ బాటన తన పిల్ల ఎప్పుడన్నా వస్తే మొఖమెట్ల చూపించాలని బాటకు వీపు పెట్టి కూర్చుంటుంది. జయరాజుగారు చదివి కళ్లు తుడుచుకున్నారు. చదివేవాళ్లకు సరిపోతుంది అన్నారు.

నీకు అసలు సంగతి ఏమన్నా తెలిస్తే రాయి మామా. లేకుంటే ఇదే అచ్చుకు పోతుంది.

అమ్మ నీ నూనె రాసుకుంటోంది. తగ్గిందంటోంది.

కురుమూర్తి

---

మల్దకల్,
ప్రమాది, పుష్య శుద్ధ చవితి.

కురుమూర్తీ,

గది రాయకు.

నీ జాబు మూడు దినాల కింద వచ్చింది. మూడు దినాల నుంచి జవాబు రాస్తున్న, చింపుతున్న. నువ్వు రాసింది ఈ ఊళ్లకు వస్తే, నాగన్న అసోంటోళ్లు నిజమనుకుంటరు. నువ్వు మా ఇంటి పిలగానివి. నీకు తెలిసే రాసినవంటరు. ఆమె ఎట్ల తలెత్తుకొని తిరుగుతది? ఆమె గసోంటిది గాదు. పిల్ల లేదు, మొగుడు లేడు, గాజులోడు లేడు.

ఆ మాట కొట్టేస్తవని అసలుది చెప్తున్న. ఇది నీకే. అచ్చుకు గాదు.

కృష్ణకు అవతల ఒక దొర గడి, కోట అసోంటి ఇల్లు, ఉన్నది. ఊరి పేరు రాయను. దొరల ఇంట్ల పెండ్లి అయితే బిడ్డతోని అత్తగారింటికి పని పిల్లను గూడ పంపుతరు. ఆడబాప అంటరు. బిందెలు, మంచం ఎట్ల పంపుతరో గట్లనే. పదకొండేండ్లప్పుడు రేణుకమ్మను గట్ల పంపిన్రు. పెండ్లి లేదు, కూలి లేదు, ఇంటికి పోయేది లేదు. గడిల ఎవరు రమ్మంటే వాళ్ల కాడికి పోవాలె. నీకు ఇంతకన్న చెప్పను.

పెద్ద జరాలు వచ్చిన యేడు ఆమె తల్లి జరంతోని మంచం పట్టింది. ఒక్కసారి చూసొస్తనని రేణుకమ్మ గడప దాటింది. పట్టుకొచ్చి, తలుపు సందుల కుడిచెయ్యి పెట్టి తలుపు మూసిన్రు. రెండేండ్లదాక గాయం ఆరలేదంట. ఆ వేళ్లు మళ్ల ముడుచుకోలే. అందుకే ఎడమ చెయ్యి. తల్లి సచ్చినంక ఇంక భయమేమున్నదని ఒక దినం నీళ్లకు పోయి ఏట్లకే దిగింది. పుట్టి నడిపే ముసలోడు చూసి ఏం అడగక ఈ ఒడ్డుకు దాటించిండు.

జాతర శనివారం నాడు తడిబట్టలతోని గుడి కాడ కూసున్నది. మా అమ్మ నాగేంద్రమ్మ చూసింది. "ఎవరని అడుగకుండ్రి. ఆకలైందేమో అడుగుండ్రి" అన్నది. తన మంగలం ఇచ్చింది. ఊరంతా అమ్మ మాట మీదనే ఉన్నది.

బాట మీద అవతలి ఊర్ల జనం తిమ్మప్పకు వస్తరు. ఎవరన్నా మొఖం గుర్తుపడ్తరని వీపు పెడ్తది. గిదే సంగతి. మా అమ్మ సచ్చిన యేడు రేణుకమ్మ నాకొక్కనికే చెప్పింది. నేను ఏం అడగలే. ఆమెనే చెప్పింది.

చదివి పొయిల పెట్టు.

మాసయ్య

---

హైదరాబాదు,
1940 ఫిబ్రవరి 4.

మామా,

నీ ఉత్తరం చదివి ఆ దినమంతా పనికి పోలేదు. అమ్మకు ఏమీ చెప్పలేదు. ఆ గాజులవాని కథ చింపేశాను. నిజంగా చింపేశాను, నీ మీద ఒట్టు. ఆమె గురించి అట్లాంటిది రాసినందుకు నాకే సిగ్గేసింది.

తర్వాత కూర్చుని నాలుగు దినాల్లో మళ్లీ రాశాను. మామా, నా జన్మలో ఇట్లాంటిది రాయలేదు. ఇన్ని దినాలు ఏవో పువ్వులూ వెన్నెలా రాసుకుంటూ కూర్చున్నాను. ఇక్కడ వెట్టి గురించి సభలు పెడుతున్నారు, ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఉపన్యాసం విని ఎవరు ఏడుస్తారు? ఆ తలుపు సందులో చెయ్యి చదివితే ఏడుస్తారు. జయరాజుగారు ఒక అక్షరం మార్చలేదు.

నువ్వేం భయపడకు. పేరు మల్లమ్మ అని పెట్టాను. ఊరు అలంపురం అని రాశాను. నది తుంగభద్ర చేశాను. తలుపు, చెయ్యి, బాటకు వీపు మాత్రం ఉంచాను. అవి తీసేస్తే ఇంకేం మిగులుతుంది చెప్పు?

నువ్వు అచ్చుకు కాదన్నావు. నాకు తెల్వదా నీ సంగతి! నలుగురిలో నీ మాట వినపడితేనే నీకు సిగ్గు. ఎక్కడా నీ పేరు రాదు. ఇది మా మామ చెప్పిన కథ అని నా మనసుకు మాత్రం తెలుసు. ఉగాది సంచిక రాగానే పంపుతాను. అరుగు మీద చదువు. రేణుకమ్మను ముందర కూర్చోబెట్టు.

నీ అల్లుడు

---

(కార్డు)

మల్దకల్, మాఘ శుద్ధ అష్టమి.

కురుమూర్తీ, ఆపు. సిగ్గు గాదు, భయం. పేరు మారిస్తే ఏమైతది? చెయ్యి తీసెయ్. తలుపు తీసెయ్. వీపు తీసెయ్. ఏం మిగలకుంటే కథనే తీసెయ్. నీ కాళ్లు మొక్కుత. మాసయ్య.

---

హైదరాబాదు,
1940 ఏప్రిల్ 22.

మామా,

ఉగాది సంచిక పంపి రెండు వారాలైంది. నీ దగ్గర నుంచి ఉలుకు లేదు, పలుకు లేదు. కోపంగా ఉన్నావని అమ్మ అంటోంది. నీ కార్డు అందేటప్పటికే ఆ పేజీలు అచ్చయిపోయాయి. ఈ యుద్ధం దినాల్లో అచ్చయిన కాగితం పారేస్తానంటే ప్రెస్సువాళ్లు ఊరుకుంటారా? నువ్వు మరీ కాళ్లు మొక్కుతానని రాస్తే నాకెట్లా ఉంటుంది? చిన్నవాణ్ణి. అట్లా రాయకు.

కాని మామా, నువ్వు ఊహించలేవు. సంచిక అంతా అయిపోయింది. దుకాణాల్లో దొరకడం లేదు. ఈసారి ఎవరూ 'ఆమె ఎవరు' అని అడగడం లేదు. తెలిసిపోయింది గదా! చదివి ఏడ్చామని రాస్తున్నారు.

మొన్న ఒక పెద్దమనిషి పత్రిక ఆఫీసుకే వచ్చాడు. జరీ రుమాలు, వెండి పొన్ను కర్ర. నాగర్‌కర్నూలు వైపు ఆయనట. కథ ముమ్మారు చదివించుకున్నాడట. రాసినవాణ్ణి చూడాలని వచ్చానన్నాడు. గంటసేపు కూర్చున్నాడు. ఇంత శ్రద్ధగా చదివేవాణ్ణి నేను చూడలేదు. చెయ్యి ఏ వేళ్లు, ఎన్నేండ్ల కిందట, పుట్టి నడిపినవాడు ఎట్లా ఉంటాడు, అన్నీ అడిగాడు. "అలంపురం నేను పోయి చూశాను, అట్లా వీపు పెట్టి కూర్చునే మనిషి ఎక్కడా కనపడలేదే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒక కథ కోసం అంత దూరం పోయాడు చూడు! ఊరి పేరు మార్చానండి, మా మామ ఊరు మల్దకల్‌లో తిమ్మప్ప దర్శనానికి ఎప్పుడన్నా శనివారం పోతే ఆమె పేలాలు తినండి, అంత రుచి ఎక్కడా ఉండదు అన్నాను. చాలా సంతోషపడ్డాడు. నా భుజం తట్టి పోయాడు.

వస్తే నీ అంగట్లోని మంచి బెల్లం పెట్టి మర్యాద చెయ్యి.

కురుమూర్తి

---

మల్దకల్,
విక్రమ, వైశాఖ బహుళ షష్ఠి.

కురుమూర్తీ,

నీ పెద్దమనిషి రాలే. ఆయన మనుషులు వచ్చిన్రు. ముగ్గురు, ఒక బండి. పోయిన శనివారం.

నీ జాబు దారిల ఏడ చిక్కిందో, నాకు అందింది ఆ తెల్లారి, ఆదివారం. చదివిన. మర్యాద చెయ్యమన్న కాడ ఆగిపోయిన.

జరిగింది రాస్త. ఇదొక్కసారే.

ఎండ బాగున్నది. దర్శనం జనం పల్సగ ఉన్నరు. రేణుకమ్మ ఎప్పటి లెక్కనే కూసున్నది, బాటకు వీపు పెట్టి. మంగలంల జొన్నలు పోసి తిప్పుతున్నది. నేను పది అడుగుల దూరంల నా అంగట్ల బెల్లం దిమ్మ కొడుతున్న. బండి గుడి దిక్కు పోకుండ ఈడనే ఆగింది. దిగిన్రు. పేలాలు కొనేటోళ్లెవరైనా సుట్టు తిరిగి ముందటికి వస్తరు గదా. వాళ్లు రాలే. మొఖం చూడాలని గూడ చూడలే. ఎనుక నుంచే సక్కగ ఆమె వీపు కాడికి వచ్చిన్రు. ఇర్వై ఏండ్లు ఏ వీపు ఆమెను దాచిందో, నీ కథ చదివినోళ్లకు ఆ వీపే ఆనవాలయింది. బాటకు వీపు ఉన్నది గనక ఎవరు వస్తున్నరో ఆమె గూడ చూడలే.

ఒకడు కుడిచెయ్యి పట్టి పైకి లేపిండు. వేళ్లు చూసిండు. "గిదే" అన్నడు.

నాగన్న ఉరికొచ్చిండు. "ఎవర్రా మీరు? ఆడమనిషి చెయ్యి ఇడువుండ్రి!" అని మీదికి పోయిండు. వాని నోరుకు నేను ఎన్నిసార్లు ఇసుక్కున్ననో. ఆ దినం ఊళ్ల నోరున్నోడు వాడొక్కడే. "మా దొర ఇంటి మనిషి. అచ్చుల పడ్డది, చదువుకోరాదా? అడ్డం వస్తే ఊరంత పరేషాన్ అయితరు" అన్నరు వాళ్లు. నాగన్నను తోసిన్రు. ముసలోడు, పడ్డడు.

నేను నిలవడ్డ. నాలిక ఎండిపోయింది. అరవై రెండేండ్లు నాకు. రాయి అసోంటి బెల్లం చేతిల పట్టుకొని నిలవడ్డ.

ఆమె నా దిక్కు చూసింది. అరవలే, ఏడవలే. "మాసన్నా, మంగలం దించు. మాడుతయి" అన్నది. ఎక్కించుకొని పోయిన్రు.

ఇంకొకటి ఉన్నది. గది నువ్వు తెలుసుకోవాలె. నీ ఉగాది సంచిక నాకు దినం తప్పకుండ అందింది. చదివిన. దూలం మీద దాచిన. రేణుకమ్మ రెండుసార్లు అడిగింది. "మల్ల వచ్చిందంట గదా మాసన్నా, నా కథ. బాలమ్మక్క కొడుకు ఈసారి ఏం రాసిండు? చదువరాదూ" అన్నది. రాలేదన్న. అబద్ధం. చదివి వినిపిస్తే, నాకొక్కనికి చెప్పింది నీకెట్ల తెలిసిందని అడుగుతది. గా సిగ్గుకు చెప్పలే. చెప్పి ఉంటే ఆ దినమే ఇంకో ఊరికి పోయేది. ముప్పై దినాలు ఎడం ఉండె.

నీది తప్పని రాస్తలేను. అడగకున్నా ఆమె నాకు చెప్పింది. ఆమెను అడగకనే నేను నీకు చెప్పిన. నువ్వు నన్ను అడిగి గూడ వినలే. జరిగినయి గీ మూడు.

నాగన్న భుజం ఇరిగింది. గద్వాల దవాఖానల ఉన్నడు.

మాసయ్య

---

హైదరాబాదు,
1940 జూన్ 10.

మామా,

ఏం రాయాలె? ఎట్ల రాయాలె? నీ ఉత్తరం అమ్మ చదివించుకున్నది. అయిపోయినంక నా చేతుల నుంచి కాగితం గుంజుకొని, "మా అమ్మ అడుగొద్దన్నది. నీకు గూడ చిన్నప్పుడు అదే చెప్పిన గదరా" అన్నది. అప్పటి నుంచి నాతోని మాట్లాడుతలేదు. అన్నం పెట్టి పక్కకు పోతది.

ఆ పెద్దమనిషి నా భుజం తట్టిండు మామా. ఆ చోటు ఇంకా కాలుతున్నట్టే ఉన్నది.

వకీలును కలిసిన. జయరాజుగారు గూడ వచ్చిండు. ఇర్వై ఏండ్ల కింద గడి ఇడిచిన మనిషిని బలవంతంగ పట్టుకపోయిన్రని చూసినోళ్లు చెప్పాలెనంట. నువ్వు, నాగన్న తాత సాక్ష్యం చెప్తరా? వకీలు మీ దగ్గరికే వస్తనన్నడు.

ఇంకొకటి. రాయాల్నా వద్దా అని మూడు దినాలు ఆగిన. జరిగింది జరిగినట్టు పత్రికల వేస్తే జనం లేస్తరు, దొర భయపడ్తడు అంటున్నడు జయరాజుగారు. గది నిజమే కావచ్చు గదా మామా? అందరు అడుగుతున్నరు, తర్వాత ఏమైందని. నువ్వు గడికి పోయినవా? ఆమెను చూసినవా? ఎట్ల ఉన్నది? ఏమన్నది? నన్ను తిట్టిందా? తిడితే తిట్టిందనే రాయి. ఏదన్నా ఒక మాట రాయి. తెల్వకుంటే నేను బతుకలేను.

కురుమూర్తి

---

మల్దకల్,
విక్రమ, ఆషాఢ శుద్ధ త్రయోదశి.

కురుమూర్తికి మాసయ్య రాసేది.

వకీలును పంపు. వచ్చి నా ముందట కూసోమను. నాలిక ఎండినా సరే, కచేరిల నిలవడి చెప్త. ఆయనకు ఎంత కావాలెనో అంత చెప్త. నాగన్న ఒక చేత్తోని ఏలిముద్ర వేస్తనంటుండు.

నువ్వు అడిగినవి చదివిన.

గడికి పోయిన. బీచుపల్లి కాడ పుట్టి ఎక్కి పోయిన. గడి ముందట రెండు దినాలు కూసున్న. ఆమెను చూసిన. మాట్లాడింది. నీ గురించి అడిగింది, నా గురించి గూడ ఒక మాట అన్నది.

ఏమన్నదో రాయను.

నీకు పెద్ద కోపం రావచ్చు. వకీలుకు చెప్పేటోడు నాకెందుకు చెప్పడు అనుకుంటవు. వకీలుకు ఆమెను తేవాలెనని ఉన్నది. నీకు తెలుసుకోవాలెనని ఉన్నది. నువ్వు ఏడుస్తున్నవని నాకు తెలుసు. ఏడ్చుకుంటనే రాస్తవు. అది నీ చేతుల లేదు. ఆ జరీ రుమాలు ఆయన గూడ తెలుసుకోవాలెననే వచ్చిండు.

ఆశ్వయుజంల నేనే రాసిన, మనిషి ఎవరో ఒక ముక్క చెప్పమని. ఆ జాబు నీ కాడ ఉంటే నాకు తిరిగి పంపు. పొయిల పెడ్త. గురువు పదునాలుగేండ్లు నేర్పిన పని ఒక్క చలికాలంల మరిచిన. తెర పట్టినోడు తెర ఇడిచిపెట్టిండు, ఆ మనిషి ఇంకా లోపటనే ఉండంగ.

బాలమ్మకు చెప్పు, నీతోని మాట్లాడుమన్ననని. తల్లి మాట్లాడకుంటే పిలగాడు చెడిపోతడు.

శనివారాలు మంగలం నేనే పెడుతున్న. నాకు రాదు, సగం మాడుతున్నయి. జనం ఏమంటలేరు, తీసుకుంటున్నరు. నేను బాటకు మొఖం పెట్టి కూసుంట. వచ్చే బండి దూరం నుంచే కనవడ్తది. ఇప్పటిదాక వచ్చినయన్ని దర్శనం బండ్లే. కొత్తోళ్లు ఆగి, "ఈడ వీపు పెట్టి కూసుండే ఆమె ఉండె గదా, ఆమె ఏమైంది పెద్దయ్యా?" అని అడుగుతున్నరు. కథ చదివినోళ్లు.

"దోసిలి పట్టుండ్రి" అని చెప్త. పేలాలు పోస్త.

మాసయ్య